గుండె ఆపరేషన్ తర్వాత ఆక్సిజన్: ప్రాంగ్సా, మాస్కా, హైఫ్లోనా, బైపాపా?

బైపాస్ అయిన మూడో రోజు. పేషెంటు వెల్లకిలా పడుకుని ఉన్నారు. ముక్కుకి ప్రాంగ్స్ (ముక్కురంధ్రాల్లో పెట్టే రెండు చిన్న గొట్టాలు), ఆక్సిజన్ నిమిషానికి 2 లీటర్లు, మానిటర్ మీద సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90. పక్కనున్నవాళ్ళు కంగారుపడి సిస్టర్‌ని పిలుస్తారు. ఫ్లో 4కి పెరుగుతుంది, అంకె 93 అవుతుంది. గంటకల్లా మళ్ళీ 90. ఈసారి మాస్క్ పెట్టి 8 లీటర్లు ఇస్తారు. 95 కనపడగానే అందరి మనసూ కుదుటపడుతుంది. కానీ ఎడమ ఊపిరితిత్తి కింది భాగం పొద్దున ఎలా ముడుచుకుని ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అదే మనిషిని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, ఛాతీకి దిండు అదిమిపట్టి నాలుగుసార్లు గట్టిగా దగ్గిస్తే, చాలామందికి ఆ 2 లీటర్ల మీదే 94, 95 వస్తుంది.

ఎంపికలో జరిగే పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. అంకె తగ్గగానే ఎన్ని లీటర్లు పెంచాలా అని చూస్తాం. ముందు చూడాల్సింది లోటు ఎక్కడుందో. ఆక్సిజన్ చాలట్లేదా? ఊపిరితిత్తి తెరుచుకోవట్లేదా? కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవట్లేదా? ప్రాంగ్స్, మాస్కులు మొదటి లోటునే తీరుస్తాయి. మాస్కు ద్వారా ఎప్పుడూ ఒకే ఒత్తిడి ఇచ్చే సీప్యాప్ రెండోదానికి పనికొస్తుంది. రెండు ఒత్తిళ్ళు ఇచ్చే బైపాప్ రెండోదానికీ మూడోదానికీ కలిపి. ముక్కులోకి వేగంగా గాలి పంపే హైఫ్లో మొదటిదాన్ని పూర్తిగా తీర్చి, రెండోదానికి కొంత సాయం చేస్తుంది. ఇది తెలిస్తే పరికరం ఎంచుకోవడం సగం తేలికైనట్టే.

ఇక్కడ రాసేదంతా పెద్దవాళ్ళ బైపాస్, వాల్వు ఆపరేషన్ల గురించి. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బుకి దశలవారీగా ఆపరేషన్ చేయించుకునే పిల్లల లెక్క పూర్తిగా వేరు. ఉదాహరణకి గ్లెన్ ఆపరేషన్ అయిన బిడ్డకి 75 నుంచి 85 మధ్య ఉండడమే మామూలు. ఆ బిడ్డకి 95 తెప్పించాలని ఇంట్లో సొంతంగా ఆక్సిజన్ పెట్టకండి.

సాచురేషన్ ఎందుకు పడిపోతుంది

హార్ట్ లంగ్ మెషీన్ మీద ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఊపిరితిత్తుల్ని దాదాపు ఆపి ఉంచుతారు. గాలి లేక కింది భాగాలు ముడుచుకుపోతాయి. ఎడమవైపు ఇది ఎక్కువ, ఎందుకంటే బైపాస్‌కి తీసే ఛాతీ లోపలి రక్తనాళం చాలాసార్లు అటువైపుదే. ఆ పక్కనుంచే వెళ్ళే ఫ్రెనిక్ నరం దెబ్బతిన్నా, ఆపరేషన్‌లో గుండెని చల్లబరిచే చల్లదనానికి మొద్దుబారినా, ఎడమ డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే ఊపిరి కండరం) సరిగ్గా దిగదు. ఆ పైన రెండుగా కోసి తీగతో కుట్టిన ఛాతీ ఎముక నొప్పి. నొప్పికి భయపడి పేషెంటు పైపైన ఊపిరి తీసుకుంటారు, దగ్గు ఆపుకుంటారు, కఫం లోపలే ఉండిపోతుంది. ఒంట్లో చేరిన అదనపు నీరు, ఊపిరితిత్తి చుట్టూ పట్టే నీరు వీటికి తోడవుతాయి.

ముడుచుకున్న భాగం గుండా కూడా రక్తం పారుతూనే ఉంటుంది. అక్కడ గాలి లేదు కాబట్టి ఆ రక్తం ఆక్సిజన్ అందుకోకుండానే గుండెకి తిరిగొస్తుంది. తలుపు మూసిన కొట్టు ముందు ఎన్ని బస్తాలు దింపినా సరుకు లోపలికి చేరదు కదా. 2 లీటర్లని 10 చేసినా అంకె అంతంతమాత్రమే పెరగడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజన్. అది రక్తంలోకి పెద్దగా పోదు, గాలి సంచుల్లో ఉండిపోయి వాటిని తెరిచి ఉంచుతుంది. అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే నైట్రోజన్ కొట్టుకుపోతుంది, ఆ చోట చేరిన ఆక్సిజన్‌ని రక్తం పీల్చేసుకుంటుంది, అంతంతమాత్రంగా తెరిచి ఉన్న సంచులు కూడా మూసుకుపోతాయి. కాబట్టి 100 చూపిస్తుంటే అది సంతోషించాల్సిన విషయం కాదు, ఫ్లో తగ్గించాల్సిన సూచన.

మామూలు పెద్దవాళ్ళకి 94 నుంచి 98 మధ్య ఉంటే చాలు. పాత సీఓపీడీ (ఊపిరి గొట్టాలు సన్నబడే దీర్ఘకాల జబ్బు) ఉండి కార్బన్ డయాక్సైడ్ నిలవ ఉండే స్వభావం ఉన్నవాళ్ళకి 88 నుంచి 92. మన ఊళ్ళలో ఈ రెండో రకం పొగతాగే మగవాళ్ళలోనే ఉంటుందనుకుంటే పొరపాటు. ముప్పై ఏళ్ళు కట్టెల పొయ్యి దగ్గర వండిన అమ్మకీ ఉండొచ్చు. ఆపరేషన్‌కి ముందే మత్తు డాక్టరుకి ఆ సంగతి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

ప్రాంగ్స్, మాస్కులు: ఆక్సిజన్ మాత్రమే చాలనప్పుడు

తొలి కొన్ని గంటల్లో, చాలాచోట్ల ఆరు గంటల్లోపే, గొంతులో ట్యూబు తీసేశాక మొదట పెట్టేది వీటిలో ఒకటి.

ముక్కు ప్రాంగ్స్ 1 నుంచి 6 లీటర్ల వరకు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, లీటరుకి సుమారు 4 శాతం కలుపుకుంటూ పోతే 2 లీటర్లకి 29, 4 లీటర్లకి 37. ఇది అంచనా లెక్కే. ఆయాసపడేవాళ్ళు బయటి గాలి ఎక్కువ లాగుతారు కాబట్టి వాళ్ళకి అందేది ఇంకా తక్కువ. మాట్లాడొచ్చు, తినొచ్చు, దగ్గొచ్చు, నడవొచ్చు. గుండె ఆపరేషన్ అయినవాళ్ళకి ఈ నాలుగూ వైద్యంలో భాగమే. అందుకే 4 లీటర్లలోపు సరిపోతున్నంతకాలం ప్రాంగ్స్‌ని మించింది లేదు. 4 దాటితే ముక్కు ఎండి పొక్కులు కడుతుంది, రక్తం కూడా రావొచ్చు. ఆ మంటకి వాజలిన్ రాయకండి. నూనె, పెట్రోలియం జెల్లీ ఆక్సిజన్ దగ్గర ఉండకూడదు. నీటితో చేసిన జెల్ వాడాలి.

మామూలు ఫేస్ మాస్క్ 5 నుంచి 10 లీటర్లు. 5 కన్నా తక్కువ పెడితే వదిలిన గాలే మాస్కులో తిరిగి, ఆ కార్బన్ డయాక్సైడ్‌నే మళ్ళీ పీలుస్తారు. మాస్క్ పెట్టి 2 లీటర్లు వదలడం వార్డుల్లో తరచూ కనపడే తప్పు. 2 లీటర్లే చాలనుకుంటే ప్రాంగ్స్‌కి మార్చాలి.

వెంచురి మాస్కు అచ్చంగా సీఓపీడీ వాళ్ళ కోసమన్నట్టు ఉంటుంది. రంగు ముక్కని బట్టి ఎంత శాతం అందుతుందో దాదాపు ఖాయం: నీలం 24 శాతానికి 2 లీటర్లు, తెలుపు 28కి 4, పసుపు 35కి 8, ఎరుపు 40కి 10, ఆకుపచ్చ 60కి 15. కంపెనీని బట్టి రంగులు మారే వీలుంది, అందుకే ముక్క మీద అచ్చువేసిన అంకే చదవాలి. పక్కనున్న కిటికీల్లాంటి రంధ్రాలు దుప్పటితో మూసుకుపోతే లెక్కంతా తప్పుతుంది.

సంచి ఉన్న నాన్ రీబ్రీదర్ మాస్క్ 10 నుంచి 15 లీటర్లు. పెట్టేముందు వేలితో వాల్వు నొక్కి సంచి నింపాలి. ఊపిరి లాగినప్పుడు కూడా సంచి మూడింట రెండొంతులు నిండే ఉండాలి, చప్పిడైపోతుంటే ఫ్లో చాలట్లేదన్నమాట. ఇది అత్యవసరంలో వాడే మాస్కు. దీని మీద గంటలకొద్దీ గడుపుతున్నారంటే కారణం వెతకడం ఆలస్యమవుతోందని అర్థం. అప్పుడు ఎక్స్‌రే, ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్, ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) గురించి డాక్టరుని అడగడం మీ హక్కు.

హైఫ్లోనా, బైపాపా

ప్రాంగ్స్ మీద, మాస్కు మీద నిలవనివాళ్ళ విషయంలో ఐసీయూలో అసలు చర్చ దీని మీదే నడుస్తుంది.

హైఫ్లో అంటే వెచ్చబెట్టి, తేమ పట్టించిన గాలిని నిమిషానికి 60 లీటర్ల వరకు ముక్కులోకి పంపే యంత్రం. ఆక్సిజన్ శాతం 21 నుంచి 100 దాకా విడిగా పెట్టుకోవచ్చు. వేడి 37 డిగ్రీల వరకు. వేగం వల్ల ముక్కు, గొంతులో నిలిచిన పాత గాలి కడుక్కుపోతుంది, కొద్దిపాటి ఒత్తిడి కూడా పుడుతుంది. నోరు తెరిచి పడుకుంటే ఆ ఒత్తిడి పోతుంది. తేమ వల్ల కఫం పలచబడి దగ్గితే వస్తుంది, దీని పెద్ద లాభం ఇదేనని మా అభిప్రాయం. 30, 40 లీటర్లతో మొదలుపెట్టి అలవాటయ్యాక 50కి తీసుకెళ్తారు. ప్రాంగ్ ముక్కురంధ్రంలో సగానికి మించి నిండకూడదు. ట్యూబులో గడగడ శబ్దం వస్తుంటే నీరు చేరినట్టు, దాన్ని పేషెంటు వైపు కాకుండా యంత్రం వైపు వంపాలి. నీళ్ళ బాటిల్ ఖాళీ అయినా గాలి వస్తూనే ఉంటుంది కానీ అది ఎండుగాలి. రాత్రి డ్యూటీలో మర్చిపోయేది ఎక్కువగా ఈ బాటిల్‌నే.

బైపాప్‌లో బిగుతైన మాస్కు ద్వారా రెండు ఒత్తిళ్ళు ఇస్తారు. ఊపిరి తీసేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ. మొదట్లో పై అంకె 8 లేదా 10, కింది అంకె 4 లేదా 5 సెంటీమీటర్ల నీటి పీడనం. రెండింటి మధ్య తేడా పెరిగేకొద్దీ ఒక్కో ఊపిరిలో లోపలికెళ్ళే గాలి పెరిగి కార్బన్ డయాక్సైడ్ దిగుతుంది. కింది అంకె పెంచితే ముడుచుకున్న సంచులు తెరుచుకుంటాయి. రెండు అంకెలూ ఒకటే అయితే అదే సీప్యాప్.

వీటిని ఛాతీ ఆపరేషన్లు అయినవాళ్ళలోనే నేరుగా పోల్చిన పెద్ద అధ్యయనం 2015లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఆరు ఐసీయూలు, 830 మంది. ఒక వర్గానికి 50 లీటర్ల హైఫ్లో, ఇంకో వర్గానికి రోజుకి కనీసం 4 గంటలు బైపాప్. చికిత్స ఫలించనివాళ్ళు రెండువైపులా దాదాపు సమానం, 21 శాతం, 22 శాతం. ముఖం మీద చర్మం దెబ్బతినడం మాత్రం బైపాప్‌లో ఎక్కువ: 24 గంటలకి 10 శాతం, హైఫ్లోలో 3. అందుకే కేవలం సాచురేషన్ తగ్గి, మెలకువగా ఉండి, కార్బన్ డయాక్సైడ్ మామూలుగా ఉన్నవాళ్ళకి హైఫ్లోతో మొదలుపెట్టడం సబబు. ఓర్చుకోగలరు, మంచినీళ్ళు తాగగలరు, ఇంటివాళ్ళతో మాట్లాడగలరు.

బైపాప్‌నే ముందు ఎంచుకోవాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఏబీజీలో పీహెచ్ 7.35 కన్నా తగ్గి, కార్బన్ డయాక్సైడ్ 45 దాటి పెరుగుతుంటే హైఫ్లో ఆ పనికి చాలదు. ఎడమ గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే సీప్యాప్ గానీ బైపాప్ గానీ రెండురకాలుగా సాయం: సంచులు తెరుస్తుంది, గుండె మీద బరువూ తగ్గిస్తుంది. డయాఫ్రం ఒకవైపు పనిచేయనివాళ్ళకి రాత్రిపూట బైపాప్ ఆసరా అవుతుంది. ఇంట్లో నిద్రలో గురక జబ్బుకి సీప్యాప్ వాడుతున్నవాళ్ళయితే ఆ యంత్రాన్నీ మాస్కునీ ఆపరేషన్‌కి వచ్చేటప్పుడే వెంట తెచ్చుకోవాలి.

అదే ఒత్తిడి కీడు కూడా చేస్తుంది. కుడి గుండె బలహీనంగా ఉన్నా, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నా బీపీ పడిపోతుంది. ఊపిరితిత్తి నుంచి గాలి లీకవుతుంటే అది పెరుగుతుంది. పొట్ట ఉబ్బుతుంది. వాంతి అయితే బిగుతైన మాస్కులో అది గొంతులోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి తిన్న వెంటనే పెట్టకూడదు. మగతగా ఉండి కఫం తీయలేనివాళ్ళకి మాస్కు బిగిస్తే కఫం లోపలే ఉండిపోతుంది. ముక్కు దూలం మీద ఎర్రదనం కనపడగానే అక్కడ మెత్తటి ప్యాడ్ అంటించాలి, పుండు పడ్డాక కాదు.

హైఫ్లో పనిచేస్తోందా లేదా అన్నది మొదటి రెండు గంటల్లోనే చూడాలి. ఒక సులువైన లెక్క: సాచురేషన్‌ని ఆక్సిజన్ వంతుతో భాగించి, వచ్చినదాన్ని నిమిషానికి ఊపిరుల సంఖ్యతో భాగించాలి. 50 శాతం మీద 94, ఊపిరి 24 అయితే 94ని 0.5తో భాగిస్తే 188, దాన్ని 24తో భాగిస్తే 7.8. బాగుంది. 80 శాతం మీద 92, ఊపిరి 32 అయితే 3.6. ఇది ప్రమాదం. 4.88, అంతకన్నా ఎక్కువుంటే హైఫ్లో నిలబెడుతుందన్న గీత న్యుమోనియా పేషెంట్లలో తేలింది. గుండె ఆపరేషన్ తర్వాత దాన్ని ఆఖరి తీర్పుగా తీసుకోకూడదు, ఒక్కసారి వచ్చిన అంకె కన్నా అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడాలి. తగ్గుతుంటే, మెడ కండరాలు లాగుతుంటే, మనిషి మాటలు తడబడుతుంటే వెంటిలేటర్‌ని వాయిదా వేయకూడదు. ఆలస్యంగా, అలసిపోయాక ట్యూబు వేయడం ముందుగా వేయడం కన్నా చాలా ప్రమాదం.

చిన్న ఊళ్ళ ఆసుపత్రులకి ఒక ముఖ్యమైన లెక్క. హైఫ్లో 50 లీటర్లు, 60 శాతం మీద నడిపితే నిమిషానికి దాదాపు 25 లీటర్ల అసలు ఆక్సిజన్ ఖర్చవుతుంది. 7000 లీటర్ల జంబో సిలిండర్ నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. పైపులైన్, నింపిన సిలిండర్ల వరస లేనిచోట హైఫ్లో మొదలుపెట్టేముందు ఈ లెక్క వేసుకోవాలి. ఇలాంటి చోట 10 లీటర్లలోపు ఆక్సిజన్‌తో నడిచే మామూలు బైపాప్ పేషెంటుని పెద్దాసుపత్రి దాకా నిలబెట్టగలుగుతుంది.

మూడు బంతుల డబ్బా

డిశ్చార్జి సంచిలో మందులతోపాటు ఇచ్చే స్పైరోమీటర్‌ని చాలా ఇళ్ళల్లో ఊదుతూ కనపడతారు. ఊదకూడదు, లోపలికి లాగాలి.

డబ్బా మీద 600, 900, 1200 అని ఉంటాయి. అవి సెకనుకి ఎన్ని మిల్లీలీటర్ల వేగంతో లాగుతున్నారో చెప్పే అంకెలు, ఊపిరితిత్తి ఎంత నిండిందో చెప్పేవి కావు. కాబట్టి ఒక్క గుక్కలో జుర్రున లాగి మూడు బంతులూ టక్కున లేపితే గాలి పైభాగానికే చేరుతుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ముందు ఊపిరి మెల్లగా వదిలేసి, పైపు పెదాలతో గట్టిగా మూసి, నెమ్మదిగా లాగాలి. మొదటి బంతి లేచి పైనే ఉండాలి, తర్వాత రెండోది లేవాలి, మూడోది మాత్రం కిందే ఉండాలి. పొట్ట ముందుకు రావాలి, భుజాలు ఎగరకూడదు. నిండాక 3 నుంచి 5 సెకన్లు పట్టి ఉంచి వదలాలి. గంటకి 10 సార్లు, మెలకువగా ఉన్నంతసేపూ. తల తిరిగితే రెండు నిమిషాలు ఆపాలి. పిస్టన్ ఉన్న వాల్యూమ్ స్పైరోమీటర్ దొరికితే అదే మేలు, ఎన్ని మిల్లీలీటర్లు లోపలికెళ్ళాయో నేరుగా చూపిస్తుంది.

పది అయ్యాక రెండు చేతులతో దిండుని ఛాతీకి హత్తుకుని రెండు మూడు సార్లు దగ్గాలి. నొప్పి మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావుగంటకి ఇది చేస్తే సులువు. నొప్పి మందు తక్కువ వాడడం మంచిదనుకుని ఓర్చుకునేవాళ్ళు దగ్గలేక కఫం నిలవేసుకుంటారు. డబ్బా ఒక్కటే పట్టుకుని మంచం మీద కూర్చున్నా లాభం కొద్దిగానే. దానికి నడక తోడవ్వాలి.

ఇంటికి ఆక్సిజన్ కావాలా

చాలామందికి అక్కర్లేదు. డిశ్చార్జికి ముందు ఆక్సిజన్ తీసేసి గదిగాలి మీద కూర్చోబెట్టి చూడాలి, తర్వాత వరండాలో 6 నిమిషాలు నడిపించి చూడాలి. రెండుసార్లూ 92 కన్నా దిగకపోతే ఇంటికి యంత్రం అవసరం లేదు. విశ్రాంతిలోనే 88, అంతకన్నా తక్కువ చూపిస్తుంటే అసలు ఇంటికి పంపొచ్చా అని ముందు అడగాలి. నీరు తీయాల్సి ఉందేమో, ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. ఇంట్లో 1, 2 లీటర్లు చాలంటే సరే. ఇంట్లో 6 లీటర్లు పెట్టుకోమన్నారంటే ఆ మనిషి ఇంట్లో ఉండాల్సిన మనిషి కాదు.

కాన్సంట్రేటరా సిలిండరా అంటే, నాలుగైదు రోజులకి మించి కావాలన్నప్పుడు కాన్సంట్రేటర్, కరెంటు పోతుందన్న భయానికి పక్కన చిన్న సిలిండర్. ఒకదాన్ని ఇంకొకటి పూర్తిగా భర్తీ చేయదు.

5 లీటర్ల కాన్సంట్రేటర్ గదిగాలి లోంచే నైట్రోజన్‌ని జియోలైట్ గుళికలతో పట్టేసి 93 శాతం అటూఇటూగా ఆక్సిజన్ ఇస్తుంది. సుమారు 350 వాట్లు తాగుతుంది. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న ఇంటి ఇన్వర్టర్ మీద ఫ్యాను, లైటు ఆపేస్తే మూడు గంటలు, మహా అయితే మూడున్నర. ఓల్టేజీ ఎగుడుదిగుడు ఉన్న ఊళ్ళో స్టెబిలైజర్ తప్పదు. గోడకీ పరదాకీ అడుగు దూరంలో ఉంచాలి. వెనక ఫిల్టర్‌ని వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి.

2021 సెకండ్ వేవ్‌లో కొని ఇప్పుడు అటక మీద ఉన్న యంత్రాలు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. బంధువులు ప్రేమగా ఇస్తారు. తీసుకునేముందు ఒక్కటి చూడండి. ఏళ్ళ తరబడి తేమలో ఉన్న జియోలైట్ చచ్చిపోతుంది. యంత్రం ఆన్ అవుతుంది, శబ్దం వస్తుంది, ఫ్లో బంతి 5 మీద తేలుతుంది, కానీ వచ్చేది 50, 60 శాతమే ఉండొచ్చు. పది నిమిషాలు నడిచాక ఆక్సిజన్ ఎనలైజర్‌తో కొలిపించండి. 82 శాతం కన్నా తక్కువైతే వాడొద్దు. భుజానికి తగిలించుకునే చిన్న యంత్రాల్లో చాలా రకాలు ఊపిరి లాగినప్పుడు మాత్రమే వదులుతాయి. వాటి మీద 2 అంటే 2 లీటర్లు కాదు. నోటితో ఊపిరి తీసుకుని నిద్రపోయేవాళ్ళకి రాత్రిపూట అవి పనికిరావు.

సిలిండర్ లెక్క తేలిక. మీటరు చూపించే పీడనాన్ని సిలిండర్ నీటి సామర్థ్యంతో గుణించాలి. 10 లీటర్ల బి టైపు నిండుగా ఉంటే 150 చూపిస్తుంది, అంటే 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు. ముల్లు 75కి వచ్చిందంటే ఆరు గంటలు మిగిలిందని. మెడికల్ సిలిండర్ నల్లటి ఒళ్ళు, తెల్లటి భుజాలతో ఉంటుంది. తెల్లభుజం లేకుండా మొత్తం నల్లగా ఉన్నది వెల్డింగ్ షాపుది కావచ్చు, తీసుకోవద్దు. రెగ్యులేటర్ బిగించాక బుస్సుమంటుంటే వాషర్ లేదన్నమాట. ఎంత బిగుసుకుపోయినా చుక్క నూనె వేయొద్దు, నూనె చేతులతో ముట్టొద్దు. దేవుడి దీపం, అగరొత్తులు, గ్యాస్ పొయ్యి ఉన్న గదిలో ఆక్సిజన్ ఉండకూడదు. పూజగది పక్కనే మంచం వేసి ఉంటే మంచం మార్చండి.

హ్యుమిడిఫైయర్ సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు రెండు గీతల మధ్యన పోసి, రోజూ మార్చాలి. బుడగలు రావట్లేదంటే ట్యూబు మడతపడిందో, మూత సరిగ్గా బిగియలేదో చూసుకోండి. పేషెంటు ట్యూబు లోంచి నీటిచుక్కలు వస్తుంటే పై గీత దాటి పోసినట్టు.

వేలికి పెట్టే మీటరు

ఇది సరిగ్గా పెడితే మామూలుగా అబద్ధం చెప్పదు కానీ సగమే చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందో లేదో దీనికి తెలియదు. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి 96 చూపిస్తూనే మగతలోకి జారిపోవచ్చు. అందుకే ప్రతిసారీ పూర్తిగా ఒక నిమిషం ఊపిరులు కూడా లెక్కపెట్టాలి. 12 నుంచి 20 మామూలు, 25 దాటితే డాక్టరుకి చెప్పాలి.

చల్లటి వేళ్ళు, గోరింటాకు, నెయిల్ పాలిష్, వణుకు అంకెని తప్పిస్తాయి. చామనఛాయ, నలుపు చర్మంలో ఉన్నదానికన్నా ఒకటి రెండు ఎక్కువ చూపించే అవకాశం ఉంది, కాబట్టి 92, 93 మధ్య ఊగుతుంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చేతులు రుద్ది వెచ్చబెట్టి, మధ్యవేలికి పెట్టి, చేయి ఒళ్ళో ఆనించి, ఒక నిమిషం ఆగాక చూడండి. మీటరు చూపించే నాడి, మీరు మణికట్టు దగ్గర లెక్కపెట్టిన నాడి ఒకటైతేనే సాచురేషన్‌ని నమ్మండి. రెండూ బాగా తేడాగా ఉండి, నాడి లయ తప్పి కొట్టుకుంటుంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. గుండె ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఇది చాలామందిలో మొదలవుతుంది, కొందరిలో ఇంటికెళ్ళాక కూడా. దానికి ఆక్సిజన్ కాదు, ఈసీజీ కావాలి.

ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టి పొద్దున, సాయంత్రం నాలుగు అంకెలు రాయండి: కూర్చున్నప్పుడు సాచురేషన్, పదడుగులు నడిచాక సాచురేషన్, నిమిషానికి ఊపిరులు, పొద్దున టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక బరువు. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నీరు చేరుతోందని. సాచురేషన్ కన్నా ముందే బరువు చెప్పేస్తుంది, అప్పుడే ఫోన్ చేస్తే నీటి మాత్ర సర్దుబాటుతో పోయే అవకాశం ఉంటుంది.

నిన్నటిదాకా 96 ఉన్న మనిషి గదిగాలి మీద 92 కన్నా దిగి, కూర్చుని దగ్గినా పెరగకపోతే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పడుకోలేక లేచి కూర్చుంటున్నా, నురగతో కఫం వస్తున్నా, ఒక కాలు వాచి హఠాత్తుగా ఆయాసం వచ్చినా, దగ్గినప్పుడు ఛాతీ ఎముక టక్కుమని కదులుతున్నా, పిలిస్తే బదులు మెల్లగా వస్తున్నా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి, ఇంట్లో ఆక్సిజన్ ఉంటే డాక్టరు చెప్పిన ఫ్లోలో పెట్టండి. ఆపరేషన్ అయి ఎన్ని రోజులైందో, ఎంత ఫ్లో మీద ఎంత సాచురేషన్ ఉందో, ఊపిరులు ఎన్నో, బరువు ఎంత పెరిగిందో ఫోన్‌లో అదే వరసలో చెప్పండి. నోటుపుస్తకం, డిశ్చార్జి కాగితం, స్పైరోమీటర్ వెంట తీసుకెళ్ళండి.